గడీలో ఒక రాత్రి: పాత భవంతి మిస్టరీ గేమ్ మీరే తయారు చేసుకోవడం ఎలా?

పాడుబడ్డ పెద్ద భవంతి, తాళాలు పడ్డ గదులు, ఎప్పుడో జరిగి ఎవరూ నోరు విప్పని ఒక సంఘటన, దాన్ని తేల్చడానికి లోపలికి వెళ్లే మనం. ఈ రకం ఆటలంటే పిల్లలకే కాదు, పెద్దలకూ ప్రాణం. బొమ్మలతో వచ్చిన మొట్టమొదటి అడ్వెంచర్ గేమ్ కూడా ఇలాంటి కథే. 1980లో రోబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు యాపిల్ టూ కంప్యూటర్ కోసం చేసిన ‘మిస్టరీ హౌస్’ అది. పాడుబడ్డ ఒక పాత బంగ్లాలో గదులు తిరుగుతూ హంతకుడెవరో కనిపెట్టాలి.

ఆ గేముల్లోని బంగ్లాలన్నీ అమెరికావో ఇంగ్లండువో. చలిమంట గూళ్లు, పియానోలు, గోడల మీద ఇనప కవచాలు. మన నల్లగొండ, పాలమూరు పిల్లలు వాటిని చూసి భయపడతారు కానీ అది వాళ్ల భయం కాదు. మనకు గడీలున్నాయి, అంటే ఊరి దొరల కోటల్లాంటి ఇళ్లు. ఊరి మధ్యలో ఎత్తుగోడ, ఏనుగు పట్టేంత దర్వాజ, లోపల హజారం (ముందు హాలు), దాటితే నడి వాకిలి, చుట్టూ అర్రలు (గదులు). ‘రాత్రిపూట అటు పోకురా’ అని నాయనమ్మ చెప్పిన చోటు అది. దాన్నే ఆటగా మలిస్తే ఎలా ఉంటుందో ఒకసారి చేసి చూడండి. కంప్యూటర్ అక్కర్లేదు. చార్ట్ పేపర్, పాత కవర్లు, స్కెచ్ పెన్నులు, ఒక నంబర్ల తాళం, ముగ్గురు నలుగురు ఆడేవాళ్లు, ఆట నడిపే మీరు. రెండు గంటలు హాయిగా సాగుతుంది. పదేళ్లు దాటిన పిల్లల నుంచి పెద్దల దాకా ఎవరైనా ఆడొచ్చు.

మొదటి పని: ఆ రాత్రి ఏం జరిగిందో రాసిపెట్టుకోండి

గేమ్ చేయాలనుకున్న చాలామంది ముందు మ్యాప్ గీస్తారు, లేదా ఒక దయ్యాన్ని ఊహించుకుంటారు. రెండూ తర్వాత. ముందు అసలు నిజం కావాలి. ఆడేవాళ్లు చివర్లో తెలుసుకోవాల్సినదాన్ని ఏడెనిమిది వాక్యాల్లో, ఎక్కడా దాచకుండా, మీ కోసం మీరు రాసుకోండి. ఈ కాగితం లేకపోతే క్లూలు ఒకదానికొకటి పొంతన లేకుండా పోతాయి.

ఈ గైడ్ మొత్తానికి ఒక కథ ఉదాహరణగా పెట్టుకుందాం. ఇందులోని మనుషులు, ఊరు అంతా కల్పితం:

1938 దీపావళి రాత్రి. గడీలో మల్లయ్య అనే జీతగాడు ఉన్నాడు. తండ్రి చేసిన అప్పుకు కొడుకు చాకిరీ. అప్పు ఎప్పుడో తీరింది, అయినా పద్దు పుస్తకంలో కొట్టేయలేదు. దొర ఇంటి కోడలు ఆ సంగతి కనిపెట్టింది. ఆ రాత్రి మల్లయ్యను వెనుక తలుపు నుంచి పంపించి, లోపలి నుంచి గడియ వేసింది. పద్దు పుస్తకాన్ని విసుర్రాయి (తిరగలి) ఉన్న అర్రలో, గోడ దిగూడు (దీపం పెట్టే గూడు) వెనుక ఇటుక తీసి దాచింది. ఇటుక పెకిలించే చప్పుడు ఎవరికీ వినపడకుండా అర్ధరాత్రి విసుర్రాయి తిప్పుతూ కూర్చుంది. తెల్లారి దొర, ‘మల్లయ్య వెండి గిన్నెలు ఎత్తుకొని పారిపోయాడు’ అని ఊరంతా చాటింపు వేయించాడు.

ఇక ఊళ్లో ఇప్పటికీ చెప్పుకునే మాట: ‘గడీల రాత్రిపూట విసుర్రాయి దానంతటదే తిరుగుతది.’

ఈ గైడ్‌లో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. భయపెట్టే విషయం, క్లూ వేరువేరుగా ఉండకూడదు. దయ్యం కథే సాక్ష్యం కావాలి. విసుర్రాయి చప్పుడు విని మొదట పిల్లలు ఒకరినొకరు పట్టుకుంటారు. గంటన్నర తర్వాత, ‘ఆగండాగండి, ఆ రాత్రి నిజంగానే ఎవరో తిప్పిండ్రు!’ అని ఎవరో ఒకరు అరుస్తారు. ఆ అరుపు కోసమే ఈ కష్టమంతా. కథకు సంబంధం లేకుండా తెల్లచీర, జుట్టు విరబోసుకున్న బొమ్మ తెచ్చి పెడితే ఒక్కసారి కెవ్వుమంటారు, రెండోసారి పట్టించుకోరు.

మీ కథ మీరు రాసుకోవాలంటే ఊరి పెద్దవాళ్లను అడగండి. ‘ఆ బావి దగ్గరికి రాత్రి ఎందుకు పోవద్దనేవాళ్లు?’ అని మొదలుపెట్టి, ‘ఆ మాట ఎట్లా పుట్టి ఉంటుంది?’ అని మీరు ఊహించుకోండి. ప్రతి పుకారు వెనుకా ఎవరో చేసిన పని ఒకటి పెట్టండి. కథ సగం అక్కడే తయారవుతుంది.

రెండు జాగ్రత్తలు. నిజంగా ఉన్న గడీ పేరు, ఆ కుటుంబం పేరు వాడకండి. ఆ వారసులు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉంటారు. రెండోది, బాణామతి, చేతబడి లాంటివి కథలోకి తేవద్దు. మన జిల్లాల్లో ఆ అనుమానం మీద మనుషులను కొట్టి చంపిన కేసులున్నాయి. పదేళ్ల పిల్లల ముందు దాన్ని ఆటలో నిజమన్నట్టు చూపించడం మంచిది కాదు.

ఇల్లు గీయడం

ఎనిమిది, తొమ్మిది గదులు చాలు. బోర్డు మీద ఆడే ‘క్లూడో’ తెలుసు కదా. బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆంథొనీ ప్రాట్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఆలోచించిన ఆట, 1949లో అమ్మకానికి వచ్చింది. అందులో 9 గదులు, ఆరుగురు అనుమానితులు, 6 ఆయుధాలు. అంతే సామానుతో 324 రకాల జవాబులు వస్తాయి. గదులు పెంచితే ఆట పెరగదు, ఆడేవాళ్లకు గుర్తుండదు, అంతే.

మన గడీకి ఇవి పెట్టుకుందాం: బయటి దర్వాజ, హజారం, ఊరి లెక్కలు రాసే పట్వారీ కూర్చునే కచేరి గది, నడి వాకిలి, వంటిల్లు, విసుర్రాయి అర్ర, గరిసెల అర్ర (ధాన్యం గాదెల గది), మేడ మీద కోడలి గది, వెనుక దొడ్డి.

నడి వాకిలిని మధ్యలో పెట్టి మిగతావన్నీ దాని చుట్టూ గీయండి. ఇది అందం కోసం కాదు. మంచి భవంతి గేముల్లో ఆటగాడు మళ్లీ మళ్లీ ఒకే చోటికి వస్తుంటాడు. 1996లో వచ్చిన ‘రెసిడెంట్ ఈవిల్’లోని భవంతిని గుర్తు తెచ్చుకోండి. ముందు హాలు నుంచి బయల్దేరి, ఎక్కడో ఒక తాళంచెవి సంపాదించి, మళ్లీ ఆ హాలుకే వచ్చి, ఇందాక తెరుచుకోని తలుపు తెరుస్తాం. తెలిసిన చోటే కొత్తగా కనిపిస్తుంది. మన పాత ఇళ్లు కట్టిన తీరే ఇందుకు సరిపోతుంది. ఏ అర్రలోంచి ఏ అర్రకు పోవాలన్నా వాకిట్లోకి రావాల్సిందే.

ఒక దొంగదారి కూడా పెట్టండి. గరిసెల అర్ర నుంచి వెనుక దొడ్డికి చిన్న తలుపు ఉందనుకోండి. మొదట అది బిగుసుకుపోయి ఉంటుంది. ఆట సగం దాటాక తెరుచుకుంటుంది. అప్పటిదాకా చుట్టూ తిరిగిన దూరం ఒక్కసారిగా తగ్గేసరికి ఇల్లు తమ చేతిలోకి వచ్చిందనిపిస్తుంది.

వివరాలు కావాలంటే చూసిరాదగ్గ చోట్లున్నాయి. వనపర్తి రాజావారి ప్యాలెస్‌లో ఇప్పుడు పాలిటెక్నిక్ కాలేజీ నడుస్తోంది. గద్వాల కోట లోపల చెన్నకేశవస్వామి గుడి ఉంది. కొల్లాపూర్‌లో సురభి రాజుల బంగ్లా ఉంది. కొండ ఎక్కే ఓపికుంటే దేవరకొండ, రాచకొండ కోటలు. బురుజు మలుపులో చీకటి ఎక్కడ మొదలవుతుంది, మెట్లు ఎంత ఎత్తుంటాయి, తలుపు గుబ్బలు ఎలా ఉంటాయి, ఇవి ఫోన్లో ఫొటోలు తీసుకోండి. డంగు సున్నం గోడను చేత్తో తాకి చూడండి, ఎండాకాలంలో కూడా చల్లగా తగులుతుంది. ఆ ఒక్క మాట కార్డు మీద రాస్తే గది కళ్లకు కడుతుంది.

ఊళ్లో కూలిపోయే దశలో ఉన్న గడీల్లోకి మాత్రం వెళ్లకండి, పిల్లలను అసలు తీసుకెళ్లకండి. దూలాలు చెదపట్టి ఉంటాయి, మిద్దె ఎప్పుడు కూలుతుందో తెలియదు, రాళ్ల సందుల్లో పాములుంటాయి. యజమానిని అడగకుండా అడుగుపెట్టడమూ తప్పే. ఆట ఇంట్లో ఆడేది, కాగితం మీద నడిచేది.

తాళాలు: వెనుక నుంచి ముందుకు

ఇప్పుడు ఒక తెల్లకాగితం తీసుకొని అడుగున ‘పద్దు పుస్తకం దొరికింది’ అని రాయండి. అది దొరకాలంటే ముందు ఏం తెలియాలి? దిగూడు వెనుక ఇటుక కదులుతుందని తెలియాలి. అది తెలియాలంటే? కోడలి ఉత్తరం చదవాలి. ఉత్తరం ఎక్కడుంది? మేడ మీది సందూకలో (పెట్టెలో). సందూక తెరవాలంటే? నాలుగంకెల తాళం. ఆ అంకెలు తెలియాలంటే? కచేరి గదిలోని పద్దు చీటీ. కచేరి గది తాళంచెవి ఎక్కడ? హజారంలో కందిలి (లాంతరు) అడుగున. ఇలా కింది నుంచి పైకి రాసుకుంటూ పోతే బయటి దర్వాజ దగ్గర ఆగుతుంది. ఆట ముందు నుంచి ఆలోచిస్తే ఎక్కడో ఒకచోట ముడి పడదు. వెనుక నుంచి ఆలోచిస్తే ఎప్పుడూ పడుతుంది.

తాళాలు మూడు రకాలు కలిపి వాడండి. వస్తువుతో తెరుచుకునేవి, అంటే తాళంచెవి, విసుర్రాయి పిడి లాంటివి. తెలివితో తెరుచుకునేవి, అంటే అంకెలు, పేర్లు, ఒక ప్రశ్నకు జవాబు. మూడోది నాకు చాలా ఇష్టం: తలుపు మొదటి నుంచీ తెరిచే ఉంటుంది, కానీ అక్కడ ఏం చూడాలో తెలియదు. విసుర్రాయి అర్ర అలాంటిది. ఆట మొదలైన పది నిమిషాలకే పిల్లలు అక్కడికి వస్తారు, రాయిని చూస్తారు, దిగూట్లో మసిబారిన ప్రమిదను చూస్తారు, వెళ్లిపోతారు. చివర్లో ఉత్తరం చదివాక అదే అర్రకు పరుగెత్తుకొస్తారు. మొదటిసారి వచ్చినప్పుడే అన్నీ వాళ్ల కళ్ల ముందున్నాయని అప్పుడు తెలుస్తుంది.

ముఖ్యమైన ఏ సంగతికైనా మూడు క్లూలుండాలి. మీకు అరటిపండు ఒలిచినంత తేలికగా కనిపించే క్లూ ఆడేవాళ్ల కంట పడకపోవచ్చు. మన కథలో ‘మల్లయ్య దొంగ కాదు’ అనేది ముఖ్యం. దానికి మూడు దారులు చూడండి. గరిసె అడుగున వెండి గిన్నెలు అలాగే ఉన్నాయి. పద్దు చీటీ వెనుక మల్లయ్య అప్పు ‘చెల్లు’ అని రాసి ఉంది. మూడోది వెనుక దొడ్డి తలుపు. ఆ రాత్రి కావలివాడు చెప్పినట్టుగా ఒక కాగితం ఉంటుంది: ‘పొద్దున్నే చూస్తే గడియ లోపలి నుంచి వేసే ఉంది.’ మరి మల్లయ్య ఆ తలుపులోంచే పోతే, వాడి వెనుక గడియ వేసిందెవరు? ఈ ప్రశ్న మీరు అడగకండి. ఎంతసేపైనా ఆగండి. వాళ్లలోంచే రావాలి.

ఒక తాళాన్ని దగ్గర నుంచి చూద్దాం

సందూక తాళం మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను. మన ప్రాంతానికే చెందిన పజిల్ ఇది, ఇంకే గేములోనూ దొరకదు.

నిజాం సర్కారు లెక్కలన్నీ ఫసలీ సంవత్సరాల్లో ఉండేవి. మీ ఇంట్లో తాతల కాలం నాటి భూమి కాగితాలుంటే తీసి చూడండి, ఫసలీ కనిపిస్తుంది. ఆ ఏడాది అక్టోబరు మొదటివారంలో మొదలయ్యేది. దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుంచి 1948 అక్టోబరు దాకా. 1948 సెప్టెంబరులో హైదరాబాద్ భారతదేశంలో కలిసినప్పుడు ఇంకా ఫసలీ 1357లోనే ఉన్నాం.

ఇక పజిల్. కోడలి గదిలో సందూక మీద చీటీ అతికించి ఉంటుంది: ‘ఆ రాత్రి ఏ ఏడో అదే తాళం. సర్కారు లెక్క కాదు, ఇంగ్లీషు లెక్క.’ కచేరి గదిలో పట్వారీ మేజాలో పద్దు చీటీ: ‘దీపావళి దీపాలకు నూనె ఐదు శేర్లు. బహుధాన్య, ఫసలీ ౧౩౪౮.’ తెలుగు అంకెలు పిల్లలకు రావు. అందుకని హజారంలో ఒక స్తంభం మీద ఒకటి నుంచి తొమ్మిది దాకా తెలుగు అంకెలు, పక్కన చుక్కలు చెక్కి ఉన్నట్టు బొమ్మ గీయండి. ఇంకో గోడకు పాత క్యాలెండర్ ముక్క: అక్టోబరు నెల, ఒక మూల 1940, ఇంకో మూల ఫసలీ 1350. తేడా ఎంతో వాళ్లే తీస్తారు. 1348కి 590 కలిపితే 1938.

దీపావళినే ఎందుకు తీసుకున్నానంటే, అది ఎప్పుడూ ఫసలీ ఏడాది మొదలయ్యాకే వస్తుంది. సంక్రాంతి పెట్టుకుంటే జనవరిలోకి వస్తాం కాబట్టి 591 కలపాలి, గందరగోళం అవుతుంది. ఉగాది పేరు కూడా సరిచూసుకోవడానికి పనికొస్తుంది. ప్రభవ 1927లో వచ్చింది, అక్కడి నుంచి పన్నెండోది బహుధాన్య, 1938. అరవై పేర్లూ వరసగా చెప్పగలిగే అమ్మమ్మ ఇంట్లో ఉంటే ఆమెను ఆటలో భాగం చేయండి. పిల్లలు పరుగెత్తుకెళ్లి, ‘అమ్మమ్మా, బహుధాన్య ఎప్పుడొచ్చింది?’ అని అడుగుతారు. అమ్మమ్మ వేళ్లు ముడుస్తూ లెక్క పెడుతుంటే అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

తాళం నిజంది పెడితే మజా వేరు. బ్యాగులకు వేసే నంబర్ల తాళం ఏ ఫ్యాన్సీ షాపులోనైనా దొరుకుతుంది. మూడంకెలదే దొరికితే 938 పెట్టి, చీటీలో ‘చివరి మూడంకెలు’ అని కలపండి. సందూక బదులు ఒక ఇనప ట్రంకు పెట్టె. తాళం ‘టక్’ మని ఊడే చప్పుడుకు కాగితం మీది ఏ వర్ణనా సాటిరాదు.

గది కార్డులు రాయడం

ప్రతి గదికీ ఒక కవరు. పైన గది పేరు. లోపల ఒక పెద్ద కార్డు, అందులో కనిపించే వస్తువులకు చిన్న కార్డులు. గదిలోకి వచ్చినప్పుడు పెద్ద కార్డు మీరు చదువుతారు. వాళ్లు ఏదైనా వస్తువును అడిగితే చిన్న కార్డు ఇస్తారు.

ఏమేం చేయొచ్చో ముందే చెప్పాలి. పాత గేముల్లో మాటలు టైపు చేయాల్సి వచ్చేది, ఏ మాట రాస్తే కంప్యూటర్‌కు అర్థమవుతుందో తెలియక బుర్ర వేడెక్కేది. 1987లో రాన్ గిల్బర్ట్, గ్యారీ విన్నిక్ చేసిన ‘మేనియాక్ మ్యాన్షన్’లో తెర కింద క్రియల పట్టికే ఇచ్చేశారు. తెరువు, తోయి, చదువు, ఇవ్వు అన్నట్టు వాటి మీద నొక్కడమే. మనమూ ఒక చార్ట్ మీద ఐదు మాటలు రాసి గోడకు పెడదాం: చూడు, తెరువు, తీసుకో, వాడు, అడుగు. ఈ ఐదింటితో అన్నీ నడుస్తాయి.

పెద్ద కార్డు నాలుగైదు వాక్యాలు దాటకూడదు. ఉదాహరణకు విసుర్రాయి అర్ర:

‘తల వంచుకొని లోపలికి రావాలి, దర్వాజ అంత చిన్నది. గోడలు చల్లగా ఉన్నాయి. మూలన విసుర్రాయి ఉంది, పై రాయికి పిడి లేదు. రాయి చుట్టూ నేల అరిగి గుంట పడింది. ఎదురుగా దిగూట్లో ఒక ప్రమిద, దాని మసి పైకప్పు దాకా పాకింది.’

ఇందులో ‘భయంకరమైన’, ‘వింతైన’ లాంటి మాటలు లేవని గమనించండి. భయపడమని చెబితే ఎవరూ భయపడరు. పిడి లేదని చెప్పండి చాలు. ‘పిడి లేకుండా రాత్రిపూట ఎట్లా తిరుగుతది?’ అని వాళ్లే అనుకుంటారు. ఆ పిడి మేడ మీది సందూకలో, ఉత్తరంతో పాటు బట్టలో చుట్టి ఉంటుంది.

ఉత్తరంలో కూడా అంతా చెప్పేయకండి. ‘నేను తిప్పుతున్నంతసేపు ఎవరికీ ఏమీ వినపడలేదు. దీపం వెలుగు దగ్గరే పెట్టాను’ అంటే చాలు. దీపం అంటే దిగూడు అని వాళ్లకు తట్టాలి.

మోసే వస్తువులకు హద్దు పెట్టండి. ‘రెసిడెంట్ ఈవిల్’లో మనం ఎంచుకునే రెండు పాత్రల్లో క్రిస్ ఆరు వస్తువులే మోయగలడు, జిల్ ఎనిమిది. ఏది వదిలేయాలా అన్న టెన్షన్ అక్కడే పుడుతుంది. మన ఆటలో ఒక్కొక్కరికి రెండు కార్డులు చాలు. అప్పుడు ‘పిడి నీ దగ్గర ఉంచుకో, కందిలి నేను పట్టుకుంటా’ అని వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటారు. ఒక్కడే అన్నీ పోగేసుకొని ఆడేయడం ఉండదు.

భయం ఎక్కడి నుంచి వస్తుంది?

చప్పుడు నుంచి, ఆగడం నుంచి. బొమ్మల నుంచి చాలా తక్కువ.

ఇంట్లోనో, తెలిసినవాళ్ల ఇంట్లోనో విసుర్రాయి ఉంటే గుప్పెడు కందులు పోసి తిప్పుతూ ఫోన్లో రికార్డు చేయండి. రెండు నిమిషాలు చాలు. బ్లూటూత్ స్పీకర్‌ను పక్క గదిలో, బీరువా వెనుకో మంచం కిందో పెట్టి, ఆట సగంలో ఉండగా మీ ఫోన్ నుంచి చాలా తక్కువ సౌండ్‌లో మొదలుపెట్టండి. వినపడీ వినపడనట్టు ఉండాలి. పెద్దగా పెడితే రికార్డింగ్ అని వెంటనే తెలిసిపోతుంది. ఒకరు ‘ఏదో వినపడుతోంది’ అని, ఇంకొకరు ‘నీ మొహం, ఏం లేదు’ అనే దగ్గర ఆపేయండి. విసుర్రాయి దొరకకపోతే రోట్లో రోకలితో నెమ్మదిగా దంచే చప్పుడు పెట్టుకొని కథలో ఆ మేరకు మార్చుకోండి. గబ్బిలాల రెక్కల చప్పుడుకు పాత గొడుగు టపటప తెరిచి మూస్తే సరిపోతుంది.

తలుపు దగ్గర ఆగండి. ‘రెసిడెంట్ ఈవిల్’లో ఒక గది నుంచి ఇంకో గదికి వెళ్లేటప్పుడు చీకట్లో తలుపు మెల్లగా తెరుచుకోవడం చూపిస్తారు. తర్వాతి గది డిస్క్ నుంచి లోడ్ అయ్యే సమయాన్ని అలా కప్పిపెట్టారు. ఆడేవాళ్లకు మాత్రం ఆ కొద్ది సెకన్లే గుండె దడ. మీరూ కవరు తెరిచేముందు ‘గొళ్లెం తీశారు... తలుపు కిర్రుమంటోంది...’ అని, కార్డు బయటికి తీయకుండా కాసేపు ఊరుకోండి.

వెలుతురు ఒక్కటే ఉంచండి. కందిలి ఉంటే అందం, కానీ చిన్నపిల్లలు, కాగితాలు ఉన్న చోట కిరోసిన్ దీపం వద్దు. బ్యాటరీ లాంతరు, లేదంటే ఫోన్ టార్చి మీద పసుపు రంగు జిగేలు కాగితం.

దయ్యం నిజంగా ఉండాలా వద్దా? నా ఓటు వద్దనే. 2013లో వచ్చిన ‘గాన్ హోమ్’ గేములో ఉరుముల రాత్రి ఒక పెద్ద ఖాళీ ఇల్లు, ఆరిపోయి వెలిగే లైట్లు, అంతా దయ్యం వచ్చేస్తుందన్నట్టే ఉంటుంది. దయ్యం రాదు. ఆ ఇంటి మనుషుల ఉత్తరాలు, వస్తువులు చదువుతూ వాళ్ల బతుకులు తెలుసుకుంటాం. ఆట అయ్యాక మనసులో నిలిచేది అదే. మన గడీలకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. వెట్టిచాకిరీ, తీరని అప్పులు, జీతగాళ్ల పిల్లలు, వీటి మీదే కదా 1946 నుంచి 1951 దాకా నల్లగొండ, వరంగల్ పల్లెలు తిరగబడింది. ఆ బాధను పక్కనపెట్టి, చనిపోయిన పనిమనిషిని దయ్యంగా చేసి పిల్లలను బెదిరించడం నాకు నచ్చదు. ఆమెకు ఏం జరిగిందో కనిపెట్టేలా చేయండి. పిల్లలకు చరిత్ర పాఠం చెప్పాల్సిన పని లేకుండానే ‘అప్పు తీరినంక కూడా ఎందుకు పని చేయించుకున్నరు?’ అని అడుగుతారు. అప్పుడు చెప్పండి.

ఆట మొదలయ్యే ముందే ఒక మాట ఖాయం చేసుకోండి. ఎవరికైనా భయం ఎక్కువైతే ‘దీపం’ అనాలి, వెంటనే లైట్లు వేసేయాలి, ఎవరూ వెక్కిరించకూడదు. వెనుక నుంచి వచ్చి మీద చేయి వేయడం, తలుపు బయట నుంచి గడియ పెట్టడం లాంటివి అస్సలు వద్దు.

ఆట నడిపించడం

ముందు మీ ఇంట్లో పెద్దవాళ్లిద్దరితో ఒకసారి ఆడించి చూడండి. ఆ ఆటలో మీ పని ఒక్కటే, నోరు కట్టుకొని కూర్చొని, ఎక్కడ ఆగిపోయారో రాసుకోవడం. క్లూ అర్థం కాకపోతే వాళ్లకు విడమర్చి చెప్పాలని నోరు దురద పెడుతుంది. చెబితే కార్డులో లోపం ఎక్కడుందో మీకు తెలియదు. ఇద్దరూ ఒకేచోట ఆగితే కార్డు మార్చండి. ఒక్కరే ఆగితే వదిలేయండి.

అసలు ఆట రోజు ఎవరైనా పది నిమిషాలకు పైగా ఒకేచోట తిరుగుతుంటే సాయం మూడు మెట్లుగా ఇవ్వండి. మొదట చోటు మాత్రమే: ‘హజారంలో అన్నీ చూశారా?’ తర్వాత వస్తువు: ‘స్తంభం మీద ఏముంది?’ చివరగా దారి: ‘ఆ చుక్కలు లెక్కపెట్టండి.’ జవాబు మాత్రం ఎప్పుడూ చెప్పకండి. ఆట నడిపేవాళ్లు మనుషులుగా మాట్లాడితే ఇంకా బాగుంటుంది. నేనైతే కావలి తాత గొంతుతో, ‘నాకేం ఎరుక బిడ్డా, నేను దర్వాజ కాడ ఉంటి... ఆ స్తంభాన్ని మాత్రం దొర దినాం తడిమి చూస్తుండె’ అంటాను.

అనుకోనిది ఎవరైనా చేస్తే కాదనకండి. ఒక పిల్ల ‘నేను బావిలోకి కందిలి దింపి చూస్తా’ అంటే, కార్డు లేదని ఆపొద్దు. ‘నీళ్ల మీద వెలుగు పడింది, అడుగున ఏమీ లేదు, ఒక కప్ప బెకబెకమంది’ అనేయండి. వెతికిన చోట ఏదో ఒకటి కనిపిస్తేనే ఇంకా వెతకాలనిపిస్తుంది.

చివర్లో పద్దు పుస్తకం చేతికొచ్చాక ఆట ఆపేయకండి. దాన్ని నిజంగా తయారు చేసి పెట్టండి. పాత నోటు పుస్తకం, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన పేజీలు, వరసగా పేర్లు, అప్పులు, కొట్టేయని గీతలు. తర్వాత ఒక్క ప్రశ్న: ‘ఇప్పుడు దీన్ని ఏం చేస్తారు?’ ఊరి ముందు చదువుతారా, దొర మనవడికి ఇస్తారా, మల్లయ్య పిల్లలను వెతుకుతారా? అందరూ ఒకే మాట మీదికి వచ్చేదాకా మాట్లాడుకోనివ్వండి. వాళ్లు ఏది ఎంచుకున్నా అదే ముగింపు.

ఫోన్లోకి ఎక్కించాలంటే

కాగితం మీద నడిచిన ఆటను ఫోన్లో ఆడేలా చేయాలనిపిస్తే ‘ట్వైన్’ అనే ఉచిత టూల్ ఉంది. 2009లో క్రిస్ క్లిమాస్ తయారు చేశాడు. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, కోడింగ్ రానక్కర్లేదు. మీ ఒక్కో గది కార్డు అక్కడ ఒక్కో పెట్టె అవుతుంది. ఏ మాట నొక్కితే వేరే గదికి వెళ్లాలో ఆ మాటకు రెండు వైపులా రెండేసి చదరపు బ్రాకెట్లు పెడితే, ఆ పేరుతో కొత్త పెట్టె దానంతటదే పుడుతుంది. తెలుగులో నేరుగా టైపు చేయొచ్చు, అక్షరాలు చక్కగా వస్తాయి.

వస్తువులు గుర్తుపెట్టుకోవాలంటే కొంచెం కోడ్ నేర్చుకోవాలి. మొదటి గేముకు దాని జోలికి పోకండి. తెలివితో తెరుచుకునే తాళాలే పెట్టండి. సందూక దగ్గర 1936, 1937, 1938, 1939 అని నాలుగు లింకులు ఇచ్చి, మూడింటిని ‘తాళం కదల్లేదు’ అన్న పెట్టెకు, ఒకదాన్ని ఉత్తరం దగ్గరికి పంపితే పని అయిపోతుంది. ఊరికే ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయేవాళ్లకు అడ్డు వేయాలంటే నాలుగు అంకెలనూ ఒక్కొక్కటిగా, నాలుగు తెరల మీద అడగండి. ఎక్కడ తప్పు చేశారో చివరిదాకా చెప్పకండి.

బ్రౌజర్‌లో చేసే పని ఆ బ్రౌజర్‌లోనే దాచుకుంటుంది. హిస్టరీ, డేటా క్లియర్ చేస్తే గడీ మొత్తం పోతుంది. అందుకని కూర్చున్న ప్రతిసారీ లేచేముందు ఆర్కైవ్ (మొత్తం పని కాపీ) తీసి పెన్‌డ్రైవ్‌లోనో మెయిల్‌లోనో పెట్టుకోండి. పూర్తయ్యాక ‘పబ్లిష్’ నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైల్ వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే హైదరాబాద్‌లో ఉన్న మేనల్లుడు కూడా నెట్ లేకుండానే ఫోన్ బ్రౌజర్‌లో తెరిచి ఆడుకోవచ్చు. విసుర్రాయి చప్పుడు మాత్రం ఆ ఫైల్‌లో కలవదు, ఆడియోను విడిగా పంపి, ‘మేడ మెట్లు ఎక్కేటప్పుడు ఇది పెట్టుకో’ అని ఆ పెట్టెలో రాయండి.